పండుగ పూట డ్యూటీ ఎవరిది?

బతుకమ్మ, దసరా రోజులంటే వరంగల్‌ బట్టల దుకాణాలకు ఏడాదిలోకెల్లా పెద్ద గిరాకీ. ఆ గిరాకీని మోసేది కౌంటర్ల వెనుక నిలబడే ఆడపిల్లలు. వరంగల్‌ చౌరస్తాలోనైనా, హనుమకొండలోనైనా రాత్రి పొద్దుపోయేదాకా వాళ్లకు ఇంటిముఖం పట్టే వీలుండదు. బతుకమ్మ మొదటి రోజు ఎంగిలిపూల నాడు వేయిస్తంభాల గుడి దగ్గర, చివరి రోజు సద్దుల నాడు పద్మాక్షి గుట్ట దగ్గర ఊరంతా ఆడుతుంటే, ఆ ఆటకు కట్టుకునే చీరలు అమ్మిన పిల్లలు షాపులోనే ఉండిపోతారు. పనిచోట ఉద్యోగుల మతాచారాలకు వెసులుబాటు అనగానే మన దగ్గర చర్చ రంజాన్‌లో ఆఫీసు నుంచి గంట ముందే వెళ్లనివ్వడం మీదికో, అయ్యప్ప మాల మీదికో పోతుంది. ఈ పిల్లల మాట ఎవరూ ఎత్తరు. మేం వాళ్లతోనే మొదలుపెడుతున్నాం. ఈ విషయంలో ఒక మతానికీ ఇంకో మతానికీ ఉన్న తేడా కన్నా, నోరు తెరిచి అడగగలిగే ఉద్యోగికీ అడగలేని ఉద్యోగికీ ఉన్న తేడానే పెద్దది.

ప్రభుత్వ ఉద్యోగికి ఒక దారంటూ ఉంది. 2025 రంజాన్‌కు మార్చి 2 నుంచి 31 దాకా ముస్లిం ఉద్యోగులు సాయంత్రం 4 గంటలకే వెళ్లొచ్చని రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ఇది ఉమ్మడి రాష్ట్రం నాటి నుంచీ వస్తున్న ఆనవాయితీ. మార్చిలో ఇక్కడ పొద్దుగూకేది ఆరున్నరకు కాస్త అటూ ఇటూగా. హనుమకొండలో ఐదింటికి ఆఫీసు వదిలి, బస్సు పట్టుకుని నర్సంపేటకో పరకాలకో చేరాల్సిన మనిషికి ఇఫ్తార్‌ దారిలోనే అయిపోతుంది. తెల్లవారకముందు నుంచి మంచినీళ్లు కూడా ముట్టని మనిషికి ఆ గంట ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు. ఐచ్ఛిక సెలవుల పద్ధతి ఇంకా మంచిది. 2025 జాబితాలో 27 సాధారణ సెలవులు, 23 ఐచ్ఛిక సెలవులు ఉన్నాయి. ఐచ్ఛిక సెలవుల్లో ఐదింటిని ఏ మతం వాళ్లయినా తమకు నచ్చినట్టు వాడుకోవచ్చు. ఎవరూ తమ భక్తిని అధికారి ముందు రుజువు చేసుకోవాల్సిన పనిలేదు. అర్జీ పెడితే చాలు.

రంజాన్‌ ఉత్తర్వు మీద రాజకీయ వివాదం రేగడం మామూలైపోయింది. 2025 నవంబర్‌లో హైదరాబాద్‌లో అయ్యప్ప దీక్షలో ఉండి డ్యూటీ చేసిన ఒక ఎస్సైకి మెమో ఇచ్చినప్పుడు అది మరింత రాజుకుంది. ముస్లింలకు గంట ఇచ్చేవాళ్లు మాకు మాల ఎందుకు వద్దంటారని అయ్యప్ప భక్తులు అడిగారు. ఆ ప్రశ్నను కసిరి పంపడం సరికాదు, జవాబు చెప్పాలి. పని గంటల్లో సర్దుబాటు వేరు, యూనిఫాం కొలువులో వేషం మార్చుకోవడం వేరు. గడ్డం పెంచుకోనివ్వాలని కోరిన ముస్లిం వైమానిక దళ ఉద్యోగి కేసులో 2016లో సుప్రీంకోర్టు దళం క్రమశిక్షణ వైపే నిలిచింది. పోలీసు శాఖ కూడా తన యూనిఫాం నియమాన్ని నిలుపుకోవచ్చు. అయితే 41 రోజుల దీక్ష పట్టాలనుకునే కానిస్టేబుల్‌కు ఆ మేరకు సెలవు దొరకాలి. యూనిఫాం మీద మాల కుదరదని చెప్పి, సెలవు అర్జీని కూడా పక్కన పడేస్తే అది నిషేధమే అవుతుంది.

గీత ఎక్కడ గీయాలో సింగరేణి కార్మికులకు మనకన్నా బాగా తెలుసు. భూపాలపల్లిలోనో గోదావరిఖనిలోనో మాల వేసుకున్నా, గనిలోకి దిగేటప్పుడు కాళ్లకు బూట్లు, తలకు హెల్మెట్‌ ఉండాల్సిందే. ప్రాణం దగ్గర మినహాయింపులు లేవు. కానీ పొద్దునా సాయంత్రమూ పూజ చేసుకోవాల్సిన మనిషికి, వీలున్నచోట, ఆ 41 రోజులు అనుకూలమైన షిఫ్టు వేయడానికి భద్రత అడ్డురాదు. కొండగట్టు అంజన్న దీక్ష పట్టినవాళ్లకైనా, శుక్రవారం జుమ్మాకు వెళ్లాల్సినవాళ్లకైనా ఇదే కొలత పెట్టాలి. జుమ్మా ఎలాగూ మధ్యాహ్న భోజనం వేళకే పడుతుంది.

సెలవు అసలే ఇవ్వలేని రోజులూ ఉన్నాయి. 2026 జనవరి 28 నుంచి 31 దాకా మేడారం జాతర జరిగింది. లక్షలాది జనం వనదేవతల దగ్గరికి కదిలినప్పుడు ఆర్టీసీ డ్రైవర్లు, కండక్టర్లు, నర్సులు, పారిశుధ్య కార్మికులు, పోలీసులు పనిలో ఉండక తప్పదు. వాళ్లలో సమ్మక్క సారలమ్మలకు మొక్కుకున్నవాళ్లు ఎందరో! ఊరందరినీ గద్దెల దగ్గరికి చేర్చిన డ్రైవర్‌ తన పిల్లల ఎత్తు బంగారం (అంటే బెల్లం) ఎప్పుడు తూచాలి? జాతరకు ముందు వారాల్లోనే మొక్కులు చెల్లించే అలవాటు జనంలో ఇప్పటికే ఉంది. జాతర తర్వాతి బుధవారం తిరుగువారం ఉంది. జాతర డ్యూటీ చేసేవాళ్లకు ఆ రోజుల్లో మొదటి హక్కుగా సెలవు ఇస్తామని డ్యూటీ చార్టుతో పాటే ప్రకటిస్తే పోయేదేమీ లేదు.

ఆసుపత్రుల్లో నర్సులు ఈ పని తమంతట తామే చేసుకుంటున్నారు. క్రిస్మస్‌కు నీ డ్యూటీ నేను చేస్తా, దసరాకు నా డ్యూటీ నువ్వు చెయ్యి అని మాట్లాడుకుంటారు. ఆదివారం పొద్దున చర్చికి వెళ్లాల్సిన నర్సును రంజాన్‌ ఉపవాసంలో ఉన్న నర్సు ఆదుకుంటుంది. ఇంత చక్కటి ఏర్పాటు ఇన్‌చార్జి మంచితనం మీద ఆధారపడి నడుస్తోంది. ఆ మనిషి మారితే అంతా మొదటికొస్తుంది. అందుకే దీన్ని కాగితం మీదికి తేవాలి. మార్పిడి రిజిస్టర్‌ ఒకటి పెట్టి, ఇద్దరూ సంతకం చేస్తే దాన్ని అడ్డుకోకూడదని రాయాలి.

ప్రైవేటు యజమాని ఉద్యోగి మతాచారానికి ఎంత వెసులుబాటు ఇవ్వాలో మన చట్టాలు స్పష్టంగా చెప్పవు. రాజ్యాంగం 25వ అధికరణం మత స్వేచ్ఛ ఇస్తుంది, కానీ దాన్ని పట్టుకుని షాపు ఓనర్‌ను నిలదీయడం సేల్స్‌గర్ల్‌ వల్ల అయ్యే పని కాదు. అమెరికాలో ఆదివారం పార్సిళ్లు పంచనన్న ఒక తపాలా ఉద్యోగి కేసులో అక్కడి సుప్రీంకోర్టు 2023లో తేల్చిన మాట ఇక్కడ పనికొస్తుంది. వెసులుబాటు కాదనాలంటే దానివల్ల వ్యాపారానికి గణనీయమైన భారం పడుతుందని యజమానే చూపించాలి. ఆ మతమంటే తోటి ఉద్యోగులకు గిట్టకపోవడం భారం కిందికి రాదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆఫీసులో పూజకు చందా ఇవ్వలేదని, ప్రసాదం ముట్టలేదని, ఉపవాసం లేదని ఎవరినీ సూటిపోటి మాటలు అనకూడదు. నమ్మనివాళ్లకూ ఇక్కడ అంతే చోటుంది.

గీసుగొండ, సంగెం మండలాల్లో కాకతీయ మెగా టెక్స్‌టైల్‌ పార్కు పెరుగుతోంది. చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు మొదటిసారి షిఫ్టు కొలువుల్లోకి వస్తున్నారు. అలవాట్లు గట్టిపడకముందే అక్కడి యాజమాన్యాలు డ్యూటీ మార్పిడినీ పండుగ సెలవులనూ తమ నిబంధనల్లో రాసుకోవాలని కోరుతున్నాం. వారపు సెలవును అటో ఇటో జరుపుకునే వీలు 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే ఉండేది. ఇది కొత్త ఆలోచనేమీ కాదు.

ఈసారి బతుకమ్మ సీజన్‌కు ముందే కార్మిక శాఖ వరంగల్‌, హనుమకొండ, కరీంనగర్‌ వస్త్ర వ్యాపారులను కూర్చోబెట్టి మాట్లాడాలి. సగం మందిని ఎంగిలిపూల నాడు, మిగతా సగాన్ని సద్దుల నాడు సాయంత్రం ఐదింటికే, జీతం కోయకుండా పంపించడానికి ఒప్పించాలి. సద్దుల సాయంత్రం చీరలు కొనాల్సినవాళ్లలో చాలామంది ఆట దగ్గరే ఉంటారు కాబట్టి నష్టం కూడా తక్కువే. 2025 రంజాన్‌ ఉత్తర్వులో కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్‌ ఉద్యోగుల పేరు కూడా ఉంది. వచ్చే రంజాన్‌లో ఆ గంటను ఏజెన్సీలు హాజరులో కోత పెట్టకుండా చూసే బాధ్యత ఏ అధికారిదో ఉత్తర్వులోనే రాయాలి, ఫిర్యాదు చేయడానికి ఆ అధికారి ఫోన్‌ నంబర్‌తో సహా.