ఉద్యమ్ నంబర్లు లెక్కపెట్టి సంబరపడకండి

కరోనా దెబ్బకు సీమ జనంలో కసి పెరిగిందట, కొత్త వ్యాపారాలు వెల్లువెత్తాయట. గ్రూపుల్లో తిరుగుతున్న పోస్టులన్నింటికీ ఆధారం ఒక్కటే, చిన్న వ్యాపారాలు, పరిశ్రమలు కేంద్రం పోర్టల్‌లో చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ల సంఖ్య. అయ్యా, ఆ పోర్టల్ మొదలైందే 2020 జులై 1న. అంతకుముందు ఉద్యోగ్ ఆధార్ అనే పాత నమోదు ఉన్నవాళ్లంతా మళ్లీ ఇందులో నమోదు కావాల్సి వచ్చింది. రిజిస్ట్రేషన్ తేదీ చూసి లెక్కేస్తే ముప్పై ఏళ్ల ఆయిల్ మిల్లు కూడా కొత్త యూనిట్టే. పైగా 2022 ఏప్రిల్ 4న జిల్లాలు చీలాయి. హిందూపురం, ధర్మవరం, పెనుకొండ అనంతపురం లెక్కలోంచి పోయాయి. 2021 అంకె పక్కన 2023 అంకె పెట్టి "అనంతపురం చతికిలపడింది" అని తేల్చేస్తే ఎట్లా?

మాంద్యంలో ఏ ప్రాంతానికి ఎవరు తిరిగొచ్చారు, చేతిలో ఏముంది అన్నది చూడాలి. కడప, అనంతపురం, కర్నూలు పాత జిల్లాల్లో ఇది ఒకేలా లేదు.

రాజంపేట, రాయచోటి వైపు వచ్చేది కువైట్ నుంచి. అంతో ఇంతో డబ్బుంటుంది, వ్యాపారం చేసిన అలవాటు ఉండదు. అందుకే ఒకే రోడ్డులో వరసగా మండి హోటళ్లు, మొబైల్ షాపులు. తెచ్చిన దాంట్లో సగం గది అడ్వాన్సుకు, అద్దాలకు, సీలింగుకు పోతుంది. సరుకు తిప్పడానికి మిగిలేది కొంచెమే. షాపు మూసిన రోజు ఫ్రీజర్‌కు ఎంతో కొంత ధర వస్తుంది, సీలింగును ఎవరు కొంటారు?

అనంతపురం, హిందూపురం వాళ్లు బెంగళూరు నుంచి వస్తారు. వీళ్ల దగ్గర పనితనం ఉంటుంది, డబ్బుండదు. కుట్టు, వెల్డింగు, ఏసీ రిపేరు తెలిసినవాళ్లు. నిజంగా నిలబడగలిగేది వీళ్లే అని నా అభిప్రాయం, మనం సరిగ్గా చూడనిదీ వీళ్లనే. లోను మొత్తం మిషన్లకే రాస్తారు. జీతాలకు, దారానికి, కరెంటుకు పైసా ఉండదు. బిల్లు డబ్బులు రెండు నెలలకు గానీ రావు, కిస్తు వచ్చే నెలే మొదలు. ఉద్యమ్ నంబరు అసలు ఉపయోగం ఇక్కడుంది. రాతపూర్వక ఒప్పందం ఉన్నా కొన్నవాడు 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు కట్టాలని చట్టం. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. ప్రభుత్వ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. ఆర్డరు పోతుందని భయపడి ఎవరూ పెట్టరు, అది వేరే సంగతి.

రాయదుర్గంలో జీన్స్ కుట్టి బళ్లారికి అమ్మేవాళ్లకు ఇంకో చిక్కుంది. 40 లక్షల టర్నోవరు దాకా జీఎస్టీ అక్కర్లేదన్న మాట రాష్ట్రం లోపలికే. సరిహద్దు దాటి సొంత సరుకు అమ్మితే మొదటి బిల్లు నుంచే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. కూలికి కుట్టి ఇచ్చేవాళ్లకు 20 లక్షల దాకా వెసులుబాటు ఉంది. బిల్లు ఎట్లా రాస్తారన్న దాన్నిబట్టి నోటీసు వస్తుంది.

ఇక ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు. అక్కడ జనం ఏటా సుగ్గికి, అంటే వలస పనులకు పోతారు, గుంటూరు మిరప కోతలకో, బెంగళూరు కట్టడాలకో. తిరిగొచ్చేటప్పుడు చేతిలో డబ్బూ లేదు, నేర్చిన పనీ లేదు, ఉన్నదల్లా మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు బాకీ. వీళ్లు పెట్టే "కొత్త వ్యాపారం" బజ్జీల బండి, దానికి పెట్టుబడి డైలీ ఫైనాన్సు. పదివేలు రాసుకుని చేతికి తొమ్మిది వేలు ఇస్తారు. రోజుకు నూరు, నూరు రోజులు. రోజూ అసలు తగ్గుతూ పోతుంది కాబట్టి వాడుకోవడానికి సగటున దొరికేది నాలుగున్నర వేలే. దానిమీద నూరు రోజులకు వెయ్యి అంటే ఏడాదికి నూటికి 80 పైమాటే. పల్లె లెక్కలో ఆరున్నర రూపాయల వడ్డీ దాటింది. రెండు రూపాయల వడ్డీకి అమ్మో అనేవాళ్లు కూడా దీన్ని "వెయ్యే కదా" అంటారు.

మరి వీళ్లకోసమే 2020 జూన్‌లో వీధి వ్యాపారులకు లోనిచ్చే పీఎం స్వనిధి వచ్చింది కదా అంటారు. అప్పట్లో మొదటి విడత 10 వేలు, 7 శాతం వడ్డీ రాయితీ, మంచి పథకమే. కానీ మొదట పెట్టిన షరతు చూడండి: 2020 మార్చి 24 నాటికే పట్టణంలో అమ్ముకుంటూ ఉండాలి. లాక్‌డౌన్ మొదలైందే 25న! పని పోయాక బండి పెట్టుకున్నవాడికి అందులో చోటెక్కడిది? పల్లెలోనే అమ్ముకునేవాడి ఊసే లేదు.

కొత్త యూనిట్టు పెట్టేవాళ్లకు బ్యాంకు లోనుతో పాటు కేంద్రం ఇచ్చే పీఎంఈజీపీ సబ్సిడీ చూసి ప్రాజెక్టు పెంచి రాయించుకునేవాళ్లకు ఒక మాట. 20 లక్షల యూనిట్టుకు పల్లెలో జనరల్ వాళ్లకు 25 శాతం, అంటే 5 లక్షలు. అది చేతికి రాదు, బ్యాంకులోనే మూడేళ్లు డిపాజిట్టుగా ఉంటుంది. ఈలోపు యూనిట్టు మూతపడితే వెనక్కి పోతుంది. సొంత వాటా 2 లక్షలు మాత్రం మొదటే పెట్టాలి.

లోను తీసుకునేటట్లైతే కిస్తు ఏ నెలలో మొదలవుతుందో మేనేజరుతో ముందే తేల్చుకోండి. శనక్కాయ డబ్బు, పత్తి డబ్బు ఊళ్లోకి వచ్చేది దసరా దాటాకే. ఏప్రిల్‌లో షాపు తెరిచి మే నుంచి కిస్తు కట్టాలంటే మొదటి గిరాకీ రాకముందే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ అవుతుంది. ఆరు నెలల మారటోరియం, అంటే కిస్తు కట్టకుండా గడువు అడిగి శాంక్షన్ లెటరులోనే రాయించుకోండి, నోటిమాటతో సరిపెట్టుకోవద్దు.