నొప్పి భరిస్తేనే విశ్వాసమా? కాన్పు మీద తిరుగుతున్న ఆ "సాక్ష్యం"కు నా జవాబు

దేవరకొండ నుంచి కల్వకుర్తి దాకా మా సంఘాల స్త్రీల గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. పైన "ఒక అక్క సాక్ష్యం" అని ఉంటుంది, పేరు ఉండదు, ఊరు ఉండదు. ఆమెకు అనుకోకుండా గర్భం వచ్చిందట, ఒక్క పరీక్ష చేయించుకోలేదట, ఒక్క మాత్ర మింగలేదట, ప్రార్థన చేసుకుంటూ ఇంట్లోనే కన్నదట. తల్లీబిడ్డా బాగుంటే దేవునికి స్తోత్రం, ఆమె మీద నాకు ఏ కోపమూ లేదు. కానీ మెసేజ్ అక్కడితో ఆగదు. నొప్పికి మందు తీసుకోవడం అవిశ్వాసమని, వచ్చిన గర్భానికి స్కానింగ్ చేయించడం దేవుణ్ణి అనుమానించడమని, మన అవ్వలు ఇంట్లోనే కన్నారని, దవాఖానకు పోతే కోయడమేనని, నొప్పుల్లో అరిచేది ప్రార్థన తక్కువైనవాళ్లేనని వరసగా చెప్పి, పదిమంది అక్కచెల్లెళ్లకు పంపమంటుంది.

నేనూ ప్రార్థన చేసుకునే మనిషినే. నా మూడో కాన్పు అనుకోకుండా వచ్చిందే, నొప్పికి ఏ మందూ లేకుండా అయిందే. ఆ మెసేజ్‌కు రుజువుగా చూపించడానికి నాలాంటివాళ్లే కావాలి కాబట్టి, నేనే జవాబు రాస్తున్నాను.

మొదట ఆ వాక్యం సంగతి. "వేదనతో పిల్లలను కందువు" అని ఆదికాండము మూడో అధ్యాయంలో ఉంది కాబట్టి నొప్పి తగ్గించుకోవడం దేవుని మాటకు ఎదురు నిలవడం అంటున్నారు. సరే, కింది మూడు వచనాలు కూడా చదవండి. నేల ముండ్ల తుప్పలు మొలిపిస్తుందని, ముఖపు చెమట కార్చి తినాలని మగవాడికి చెప్పింది అక్కడే. మా పత్తి చేలల్లో గడ్డిమందు కొట్టని రైతు ఎవరున్నారు? ట్రాక్టర్ పెట్టి దున్నించినవాణ్ణి, బోరు వేయించినవాణ్ణి ఏ పాస్టరయ్యగారైనా విశ్వాసం లేనివాడు అన్నారా? మగవాడికి వచ్చిన శాపాన్ని మిషన్లతో, మందులతో తగ్గించుకోవచ్చు, ఆడదానికి వచ్చింది మాత్రం పూర్తిగా అనుభవించాలంటే అది వాక్యం చెప్పిన మాట కాదు, మనం కలిపిన మాట.

ఇది కొత్త గొడవ కూడా కాదు. 1847లో ఎడిన్‌బరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ అనే డాక్టరు కాన్పు నొప్పులకు క్లోరోఫాం అనే మత్తుమందు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు ఇదే వచనం చూపించి అభ్యంతరం చెప్పారు. ఆయనా బైబిలు తెలిసినవాడే. ఆదాము పక్కటెముక తీసేముందు దేవుడే అతనికి గాఢనిద్ర కలుగజేశాడు కదా అని జవాబిచ్చాడు. 1853లో విక్టోరియా రాణి ఎనిమిదో కాన్పుకు క్లోరోఫాం తీసుకుంది. ఇంగ్లండు దాకా ఎందుకు, ఆ మందు గుండెను ముందు దెబ్బతీస్తుందా ఊపిరినా అని తేల్చడానికి 1888లో, 1889లో కమిషన్లు కూర్చున్నది మన హైదరాబాదులోనే. డబ్బు పెట్టింది నిజాం సర్కారు. మహబూబ్‌నగర్‌కు ఏ నిజాం పేరు పెట్టారో ఆ మహబూబ్ అలీ ఖాన్ కాలం అది. ప్రపంచంలో మత్తు డాక్టర్లుగా పనిచేసిన తొలి ఆడవాళ్లలో ఒకరైన రూపాబాయి ఫర్దూన్‌జీ కూడా హైదరాబాదు మనిషే. నొప్పి తగ్గించే వైద్యం మనకు పరాయిది అనుకోవడానికి ఏమీ లేదు.

ఇప్పుడు వెన్నులో ఇచ్చే ఎపిడ్యూరల్ సూది గురించి కూడా భయపెడుతున్నారు, జీవితాంతం నడుము నొప్పి ఉంటుందని. సూది గుచ్చినచోట కొన్నిరోజులు నొప్పి ఉండొచ్చు కానీ ఏండ్ల తరబడి నడుము నొప్పి ఆ సూది వల్లే అనడానికి ఆధారం లేదు. నొప్పి తగ్గించమని అడిగిన తల్లికి ఆ సూది ఇవ్వొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే చెప్పింది. నేను తీసుకోలేదు. మా దగ్గరి సర్కారు దవాఖానలో అది లేదు, నా నొప్పులూ తొందరగా ముదిరాయి. అంతే, అందులో నా గొప్పతనం ఏమీ లేదు. మా ఆడబిడ్డ హైదరాబాదులో ఎపిడ్యూరల్ తీసుకుని కన్నది. ఆమె నాకంటే ఎక్కువ ప్రార్థన చేసే మనిషి.

రెండో మాట నాకు అన్నిటికంటే ఎక్కువ భయం పుట్టించింది. "అనుకోని గర్భం దేవుడిచ్చింది, స్కానింగులు, పరీక్షలు అంటే ఆయన్ని అనుమానించడమే" అని.

నాకు పిల్లలు కాకుండా ఆపరేషన్ అయిపోయింది. పెద్దబిడ్డ ఇంటర్‌లో ఉండగా నెల తప్పింది. మొదట థైరాయిడ్ అనుకున్నాం, ముట్లుడిగే వయసు ముందే వచ్చిందేమో అనుకున్నాం. ఆశా అక్క కిట్ తెచ్చిస్తే రెండు గీతలు పడ్డాయి. ఆపరేషన్ తర్వాత కూడా వందల్లో ఒకరికి గర్భం రావచ్చని ఊళ్లో ఎంతమందికి తెలుసు? "ఆపరేషన్ అయినంక కడుపెట్లొస్తది" అనే మాట మా వీధి చివరి దాకా పోయింది. ఆ మాట వెనక ఇంకో మాట ఉంది, అది ఏమిటో ఆడవాళ్లకు వివరించనక్కరలేదు. మా అత్తమ్మ గడప మీద నిలబడి, "ముడి ఊడింది, గంతే. నా కోడలి మీద మాటంటే ఊకోను" అని అందరికీ వినబడేలా అన్నది. నాకు ఆరోజు దేవుడు జవాబిచ్చింది అత్తమ్మ నోటితోనే అని నేను నమ్ముతాను.

కానీ ఆశా అక్క కిట్ చూసిన వెంటనే నన్ను కూర్చోబెట్టి చెప్పిన సంగతి ఆ మెసేజ్‌లో ఎక్కడా లేదు. ఆపరేషన్ అయ్యాక గర్భం వస్తే అది గర్భసంచిలో కాకుండా ట్యూబులో నిలిచే ప్రమాదం మామూలు గర్భాల కంటే చాలా ఎక్కువ. ట్యూబు పగిలితే కడుపులోపలే రక్తం కారుతుంది, బయటికి కొంచెమే కనబడుతుంది. పొత్తికడుపులో ఒక పక్క పోట్లు, కళ్లు తిరగడం, కొందరికి భుజం నొప్పి కూడా. గంటల్లో ప్రాణం పోవచ్చు. బిడ్డ ఎక్కడ ఉందో చెప్పేది స్కానింగ్ ఒక్కటే. నాకు మొదటి స్కానింగ్‌లో గర్భసంచిలోనే ఉందని చెప్పేదాకా మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు, ప్రార్థన కూడా మానలేదు. స్కానింగ్ గది బయట బెంచీ మీద కూర్చుని చేసుకున్నది కూడా ప్రార్థనే కదా.

ముప్పై ఐదు దాటాక గర్భం వస్తే బీపీ, షుగర్ వచ్చే అవకాశం ఎక్కువ. గర్భంలో వచ్చే బీపీ చాలాసార్లు పైకి తెలియదు, తలనొప్పి, కళ్లు మసకబారడం, ముఖం వాయడం వచ్చేసరికి ఆలస్యమైపోవచ్చు, ఫిట్స్ దాకా పోవచ్చు. ప్రతి నెల 9వ తారీఖున సర్కారు దవాఖానల్లో గర్భిణులకు ఉచితంగా చూస్తారు, 2016 నుంచి నడుస్తున్న కార్యక్రమం అది. ఒక పూట కూలీ పోతుందని మానుకునేవాళ్లకు మనం చెప్పాల్సింది పొమ్మని. అదొక అవిశ్వాసం అని చెప్పి ఆపితే ఎట్లా?

అనుకోని గర్భం అంటే వాక్యంలో ముందు గుర్తొచ్చేది మరియమ్మ. ఆమె ఏం చేసింది? ఎవరికీ చెప్పకుండా ఇంట్లో మూలన కూర్చోలేదు, త్వరగా లేచి కొండసీమలో ఉన్న చుట్టం ఎలీసబెతు ఇంటికి పోయింది, ఇంచుమించు మూడు నెలలు అక్కడే ఉంది. నలుగురిలో ఉండటం, పెద్ద మనిషి చేతికింద ఉండటం, వాక్యం నాకు చూపించే దారి అది.

మూడోది, అవ్వల మాట. "మన అవ్వలు పది కాన్పులు ఇంట్లోనే కన్నారు, హెబ్రీ స్త్రీలు మంత్రసాని రాకముందే కనేవాళ్లు" అని రాశారు. నిర్గమకాండములో ఆ మాట ఉన్నది నిజమే, కానీ ఎవరు ఎవరితో అన్నారు? మగబిడ్డల్ని చంపమన్న ఫరోతో షిఫ్రా, పూయా అనే మంత్రసానులు ఆ పిల్లల ప్రాణం కాపాడటానికి చెప్పిన జవాబు అది. దేవుడు మేలు చేసింది ఆ మంత్రసానులకు, అంటే కాన్పు చేసే మనుషులకు. రాహేలు సంగతి ఎందుకు రాయలేదు మరి? ఆమె పక్కన మంత్రసాని ఉన్నా, బెన్యామీనును కంటూ దారిలోనే చనిపోయింది. రాహేలుకు విశ్వాసం లేదని అనగలరా?

మా నాయినమ్మ తొమ్మిదిమందిని కన్నది, ఐదుగురు బతికారు. "పురిట్లోనే పోయింది" అనే మాట మన ఊళ్లల్లో ఎంత మామూలుగా వినబడేదో పెద్దవాళ్లను అడగండి. కొడవలితో బొడ్డు కోసి ధనుర్వాతం వచ్చి పోయిన పిల్లల్ని లెక్కపెట్టమనండి. వలస పోయినచోట పనికాడే కన్న పాలమూరు తల్లుల్ని అడగండి. 1997-98లో మన దేశంలో లక్ష ప్రసవాలకు దాదాపు 398 మంది తల్లులు చనిపోయేవాళ్లు, 2018-20 నాటికి అది 97కు వచ్చింది, తెలంగాణలో 43కు. ఈ మధ్యలో మన ఆడవాళ్లకు విశ్వాసం పెరిగిందనా? దవాఖాన కాన్పులు, టీటీ సూదులు, రక్తం, బండ్లు పెరిగాయి. పుట్టే పిల్లల ధనుర్వాతం దాదాపు లేకుండా పోయిందని 2015లో దేశం మొత్తానికి ప్రకటించారు.

ఇంకోటి. నాగర్‌కర్నూల్, వనపర్తి, దేవరకొండ వైపు మా సంఘాలు పెట్టిన మెన్నోనైట్ బ్రదరెన్ మిషనరీలే జడ్చర్లలో ఆసుపత్రి కూడా కట్టారు. సువార్త తెచ్చినవాళ్లే డాక్టర్లను తెస్తే, ఇప్పుడు మనం ఆ రెంటినీ విడదీస్తున్నామా?

దవాఖానకు పోతే కోయడమే అనే నాలుగో మాటలో కొంత నిజం ఉంది, ఒప్పుకోవాలి. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు ఆపరేషన్లే, ప్రైవేటులో 81.5, సర్కారులో 44.5. మొత్తం మీద దేశంలోనే ఎక్కువ ఇక్కడ. ఇన్ని అవసరం లేదు. అయితే అన్నీ డాక్టర్లే చేస్తున్నారా? నొప్పులు చూడలేక "కోసేయండి" అనే ఇంటివాళ్లు, ముహూర్తం పెట్టించుకుని వచ్చేవాళ్లు, మాలో అయితే క్రిస్మస్ రోజే బిడ్డ పుట్టాలని అడిగినవాళ్లు కూడా నాకు తెలుసు. దీనికి మందు ఇంట్లో కనడం కాదు. ఎందుకు ఆపరేషన్, ఇంకొంచెం సేపు చూడొచ్చా అని డాక్టరును అడగండి, మిడ్‌వైఫరీ, అంటే కాన్పు చేసే పని, నేర్చుకున్న నర్సులున్న సర్కారు దవాఖాన ఎక్కడుందో ముందే కనుక్కోండి. బిడ్డ అడ్డం తిరిగినప్పుడు, మాయ కిందికి ఉన్నప్పుడు ఆపరేషనే ప్రాణం.

ఇక అరుపుల మాట. నేను అరిచాను. ఇనుప మంచం కమ్మీ పట్టుకుని ముందుకు వంగి నిలబడితే, నొప్పి వచ్చిన ప్రతిసారీ మా అమ్మ నా నడుము కింద ఎముక మీద అరచేయి మొదలుతో గట్టిగా నొక్కి పట్టింది, నొప్పి దిగేదాకా తీయలేదు. "కొండలతట్టు నా కన్నులెత్తుచున్నాను" అని ఆమె మొదలుపెట్టేది, నేను సగంలో అరిచేదాన్ని, ఆమె మిగతాది పూర్తి చేసేది. దవాఖాన సిస్టర్ నన్ను తిట్టలేదు, "నడువమ్మా, నడిస్తే బిడ్డ దిగుతది" అని, ఆఖర్లో "ఇప్పుడు ముక్కమ్మా, ఇప్పుడు ఊపిరి తీసుకో" అని చెప్పింది. నేను మందు లేకుండా కన్నది ఆ ఇద్దరి చేతుల వల్ల. తోడు మనిషి పక్కన ఉంటే కాన్పు తొందరగా అవుతుందని, ఆపరేషన్లు తగ్గుతాయని పరిశోధనలు కూడా చెప్తున్నాయి. 2017లో వచ్చిన లక్ష్య కార్యక్రమంలో సర్కారు దవాఖానల్లో కాన్పు గదిలోకి తోడు మనిషిని రానివ్వాలని ఉంది. అడగండి, అది మీ హక్కు.

బిడ్డ పుట్టాక నా ఒంట్లోంచి రక్తం ఆగలేదు. మాయ పడింది, అంతా అయిపోయిందనుకున్నాం. సిస్టర్ కడుపు మీద చేయి పెట్టి గట్టిగా పిసుకుతూనే ఇంకొకరిని కేకేసింది, రక్తం ఆగడానికి తొడకు ముందే ఇచ్చిన ఆక్సిటోసిన్ సూది చాలక సెలైన్‌లో మళ్లీ కలిపారు. మా అమ్మ పాదాల దగ్గర పరిచిన గుడ్డ మార్చింది, మళ్లీ మార్చింది, మూడోసారి మార్చేటప్పుడు ఆమె నోట కీర్తన ఆగిపోయింది. తర్వాత మెల్లగా తగ్గింది. ఆ రక్తస్రావం ఎవరికి వస్తుందో ముందుగా చెప్పలేరు, ఏ ఇబ్బందీ లేని కాన్పులో కూడా వస్తుంది. ఆ మందును ఫ్రిజ్‌లో పెట్టి కాపాడాలి, ఏ ఇంట్లో ఉంటుంది అది? నేను ఆ మెసేజ్‌లో చెప్పినట్టు ఇంట్లో కని ఉంటే, నా సాక్ష్యం చెప్పడానికి నేను ఉండేదాన్ని కాదు.

ఆ మెసేజ్ మీ గ్రూపులో కూడా వచ్చి ఉంటుంది. ఆ గ్రూపులో ఏడో నెలో ఎనిమిదో నెలో ఉన్న చెల్లె ఎవరో మీకు తెలుసు. ఈ రోజే ఫోన్ చేయండి. బీపీ చివరిసారి ఎప్పుడు చూశారు, రక్తం ఎంత ఉంది, ఇంట్లో ఎవరు తోడొస్తున్నారు అని అడగండి. దవాఖానకు తీసుకుపోయే 102, అత్యవసరానికి 108 ఆమె ఫోన్‌లోనే కాదు, వాళ్ల అత్తమ్మ ఫోన్‌లో కూడా ఉన్నాయా చూడండి. ఆ తర్వాత కలిసి ప్రార్థన చేసుకోండి.