గుండెకూ ఆఫర్ పెట్టేశారు

సెప్టెంబర్ 29 ప్రపంచ హృదయ దినం. ఆ వారమంతా ఏ పేపరు తిరగేసినా ఇదే ప్రకటన: ఈసీజీ, టూడీ ఎకో (గుండెను అల్ట్రాసౌండ్‌తో చూసే పరీక్ష), టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ తీసే ఈసీజీ), రక్తపరీక్షలు, డాక్టరు సలహా, అన్నీ కలిపి 1,999 రూపాయలు మాత్రమే. దంపతులు కలిసి వస్తే మరికొంత తగ్గింపు. ఆషాఢం చీరలకైతే సెప్టెంబర్ గుండెకన్నమాట. నాకు ఒళ్లు మండేది ధర చూసి కాదు, వరుస చూసి. డాక్టరు సలహా అన్నిటికంటే చివర ఉంటుంది. మొదట ఉండాల్సింది అదే కదా! మెట్లెక్కితే ఆయాసం వస్తోందా, నొప్పి ఎక్కడ, ఎంతసేపు ఉంటుంది, మీ నాన్నగారికి గుండెజబ్బు ఏ వయసులో వచ్చింది, సిగరెట్ కాలుస్తారా అని ఒక మనిషి కూర్చోబెట్టి అడగాలి. ఆ జవాబులతో తేలనిది ఏదైనా మిగిలితే దాని కోసం పరీక్ష. మన దగ్గర ముందు రిపోర్టు పుడుతోంది, తర్వాత దానికి తగిన జబ్బును వెదుకుతున్నారు.

నిజానికి ఎకో పుట్టిందే ఒక డాక్టరుకు వచ్చిన సందేహంలోంచి. స్వీడన్‌లోని లుండ్‌లో ఇంగె ఎడ్లర్ అనే కార్డియాలజిస్టు ఉండేవారు. గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య ఉండే మైట్రల్ కవాటం చెడిన రోగులను ఆపరేషన్‌కు పంపేముందు, ఆ కవాటం ఇరుకైందా, లీకవుతోందా, లేక రెండూనా అన్నది ఆయనకు తేలేది కాదు. హెల్ముట్ హెర్ట్జ్ అనే భౌతిక శాస్త్రవేత్తతో జతకట్టారు. మాల్మో ఓడల కర్మాగారంలో లోహంలో పగుళ్లు వెదికే అల్ట్రాసౌండ్ యంత్రంతో మొదట ప్రయత్నించి, ఆ తర్వాత సీమెన్స్ నుంచి ఒకటి అరువు తెచ్చుకుని, 1953లో గుండె గోడల కదలికను నమోదు చేశారు. కత్తి పెట్టకుండా, సూది గుచ్చకుండా కొట్టుకుంటున్న గుండెను చూడగలగడం ఎంత గొప్ప సంగతి! అంత గొప్పదాన్ని తెచ్చి కొబ్బరికాయతో పాటు ఇచ్చే అరటిపండు చేశారు.

సరే, ప్యాకేజీ అయింది, రిపోర్టు చేతికొచ్చింది. అసలు గోల అక్కడ మొదలవుతుంది. 'ఎల్‌వీ ఈఎఫ్ 60 శాతం' అని ఉంటుంది. మా బంధువుల్లో ఒకాయన అది చూసి రెండు రోజులు అన్నం తినలేదు, నలభై శాతం గుండె పోయిందని. ఆయనకు ఎవరూ చెప్పనిది ఇది: ఎల్‌వీ అంటే ఎడమ జఠరిక, ఈఎఫ్ అంటే అది ఒక్కో కొట్టుడుకు బయటికి తోసే రక్తం శాతం. అందులో 120 మిల్లీలీటర్ల రక్తం నిండితే ఒక్కో కొట్టుడుకు దాదాపు 70 బయటికి వెళ్తుంది, మిగతాది లోపలే ఉంటుంది. ఏ గుండే నూటికి నూరు తోయదు. 55 నుంచి 70 మధ్య ఉందంటే చక్కగా ఉన్నట్టే. ఆ కింద 'ట్రివియల్ ఎంఆర్' అని మరో వాక్యం, అంటే మైట్రల్ కవాటంలో అతి స్వల్పమైన లీకు. రక్తం కదలికను రంగుల్లో చూపే కలర్ డాప్లర్ పెట్టి చూస్తే ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ చాలామందికి కవాటం దగ్గర ఆ కాస్త లీకు కనిపిస్తుంది. 'గ్రేడ్ 1 డయాస్టాలిక్ డిస్‌ఫంక్షన్', అంటే కొట్టుడుకూ కొట్టుడుకూ మధ్య గుండె సడలడంలో కాస్త మందగింపు, అది కూడా అరవై దాటినవాళ్లలో తరచుగా కనిపించేదే. ఇవి చెప్పడానికి ఐదు నిమిషాలు చాలు. ఆ ఐదు నిమిషాలు ప్యాకేజీలో లేవు. కాగితం కవరులో పెట్టి కౌంటరు దగ్గర చేతికిస్తారు, ఇంటికెళ్లి గూగుల్ చూసుకుని ఏడవమని.

టీఎంటీ సంగతి ఇంకా విచిత్రం. సియాటిల్‌లో రాబర్ట్ బ్రూస్ 1963లో ప్రచురించిన పద్ధతినే ఇవాళ్టికీ ఎక్కువ చోట్ల వాడుతున్నారు. మొదటి మూడు నిమిషాలు గంటకు 2.7 కిలోమీటర్ల వేగం, నడిచే పట్టీకి 10 శాతం ఏటవాలు ఎత్తు. ఆ తర్వాత మూడేసి నిమిషాలకు వేగమూ ఎత్తూ పెరుగుతాయి. శ్రమ పెరిగినకొద్దీ ఈసీజీలో ఎస్‌టీ అనే గీత కిందికి దిగుతోందా (గుండెకు రక్తం చాలడం లేదనడానికి అది గుర్తు) అన్నది చూస్తారు. నొప్పి ఉన్న మనిషికి, ఆ నొప్పి గుండెదేనా అనే అనుమానం ఉన్నప్పుడు ఇది పనికొచ్చే పరీక్ష. ఏ బాధా లేని ముప్ఫై అయిదేళ్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి? 147 అధ్యయనాలను కలిపి 1989లో ప్రచురించిన సమీక్ష ప్రకారం ఈ పరీక్ష జబ్బున్నవాళ్లలో 68 శాతం మందిని పట్టుకుంటుంది, లేనివాళ్లలో 77 శాతం మందిని మాత్రమే సరిగ్గా వదిలేస్తుంది. మీరే లెక్క వేయండి. వందమందిలో నిజంగా జబ్బున్నవాళ్లు ఇద్దరే అనుకుందాం. ఆ ఇద్దరిలో ఒకరు దొరుకుతారు, ఏ జబ్బూ లేనివాళ్లు సుమారు 22 మంది 'పాజిటివ్' ముద్రతో ఇంటికెళ్తారు. ఆడవాళ్లలో ఈ తప్పుడు పాజిటివ్‌లు మరీ ఎక్కువ. ఆ పైన సీటీ స్కాన్, ఆ పైన యాంజియోగ్రామ్. 1,999 రూపాయలకు పరీక్ష ఎలా గిట్టుబాటవుతుందో ఇప్పుడు అర్థమైందా? ముప్పు తక్కువగా ఉండి ఏ లక్షణమూ లేనివాళ్లకు ట్రెడ్‌మిల్ ఈసీజీ వద్దని అమెరికాలో నివారణ వైద్యంపై సలహాలిచ్చే నిపుణుల బృందం 2018లోనే చెప్పింది.

నెగటివ్ వస్తే హాయి కదా అంటారు. అదే అసలు ప్రమాదం. అమెరికాలో టిమ్ రస్సర్ట్ అని ఎన్‌బీసీ టీవీలో పేరున్న పాత్రికేయుడు ఉండేవారు. 2008 ఏప్రిల్ చివర్లో ఆయన ట్రెడ్‌మిల్ పరీక్ష బాగానే వచ్చింది. జూన్ 13న ఆఫీసులోనే కుప్పకూలి చనిపోయారు. వయసు 58. పరీక్ష చేసినవాళ్లు తప్పు చేశారని కాదు. రక్తనాళం సుమారు 70 శాతం పూడుకుని, శ్రమలో రక్తం చాలనప్పుడే ట్రెడ్‌మిల్ దాన్ని పసిగడుతుంది. చాలా గుండెపోట్లు అంతకంటే చిన్న పూడిక హఠాత్తుగా చిట్లి, దాని మీద రక్తం గడ్డకట్టడం వల్ల వస్తాయి. నిన్నటి నడకలో అది కనిపించదు. 2021లో కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్లకు పోయినప్పుడు బెంగళూరు జయదేవ ఆసుపత్రికి జనం పోటెత్తారు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో అప్పటి ఆంధ్రప్రదేశ్ మంత్రి మేకపాటి గౌతమ్ రెడ్డి 50 ఏళ్లకు పోతే ఇక్కడా అదే భయం పట్టుకుంది. ఆ భయం నాకు అర్థమవుతుంది, నాకూ ఉంది. కానీ దానికి మందు బీపీ, షుగరు, కొలెస్ట్రాల్, పొగాకు దగ్గర ఉంది. వాటిలో ఆఫర్ పెట్టేంత లాభం లేదు.

ఇక మా అమ్మ కథ. వయసు డెబ్బై, మోకాళ్లు పూర్తిగా అరిగాయి. మోకీలు మార్చే ఆపరేషన్‌కు ముందు గుండె ఎలా ఉందో చూడాలన్నారు. ఆ మాట సబబే. అందుకు ఏమి చేశారనుకున్నారు? ట్రెడ్‌మిల్ ఎక్కించారు! మోకాళ్లు నడవనివ్వడం లేదని వచ్చిన మనిషిని నడిపించి చూశారు. ఆసుపత్రి పేరు చెప్పను, ఏ ఊళ్లో అయినా ఇదే తంతు. కుచ్చిళ్లు పైకి దోపుకుని, చెప్పులు విడిచి, రెండు చేతులతో ఇనుప కమ్మీని ఊపిరి పోయేంత గట్టిగా పట్టుకుంది. అలా పట్టుకుంటే గుండె మీద పడాల్సిన భారం చేతుల మీద పడుతుంది, పరీక్షకు అర్థమే ఉండదు. టెక్నీషియన్ కుర్రాడు "అమ్మా, వదిలేయండి" అంటాడు. "వదిలితే పడతాను నాయనా" అంటుంది ఈవిడ. రెండో దశ మొదలవగానే ఆపేయాల్సి వచ్చింది. ఆయాసంతో కాదు, మోకాళ్ల నొప్పితో. 220 లోంచి వయసు తీసేసి, అందులో 85 శాతానికి నిమిషానికి గుండె వేగం చేరాలి. అంటే 127. ఆమె గుండె వంద కూడా దాటలేదు. దాటదు కూడా, బీపీకి రోజూ మెటోప్రొలాల్ వేసుకుంటుంది, ఆ మాత్ర పనే గుండె వేగం తగ్గించడం. ఏ మందులు వాడుతున్నారని అడిగినవాళ్లు లేరు. 'ఫలితం తేల్చలేము, యాంజియోగ్రామ్ సూచిస్తున్నాము' అని రాసిచ్చారు.

వేరే చోట ఇంకో కార్డియాలజిస్టు కూర్చోబెట్టి మాట్లాడారు. నడవలేనివాళ్లకు డొబుటమిన్ స్ట్రెస్ ఎకో ఉందన్నారు. పడుకునే ఉంటే చేతికి ఎక్కించే డ్రిప్పులో మందు మూడేసి నిమిషాలకు కొంచెం కొంచెం పెంచుతారు, గుండె పరుగెత్తినట్టే కొట్టుకుంటుంది, ప్రతి దశలో గోడలు సరిగ్గా ముడుచుకుంటున్నాయా లేదా ఎకోలో చూస్తారు. చేశారు, బాగానే ఉంది, ఆపరేషన్ అయింది. ఈ పరీక్ష ఒకటుందని మొదటి చోట ఒక్కరూ నోరు విప్పలేదు.

అన్నట్టు, ఎకో గదిలో ఆడవాళ్ల ఇబ్బంది గురించి ఎవరూ రాయరు. జాకెట్టు తీసి ఎడమ పక్కకు ఒత్తిగిలి పడుకోవాలి, చల్లని జెల్లు రాసి పక్కటెముకల మధ్య ప్రోబు గట్టిగా నొక్కుతారు. ముందు తెరిచే గౌను ఒకటి ఇస్తే సగం సిగ్గు తీరిపోతుంది. తలుపు మాటిమాటికీ తీయకుండా ఉంటే మిగతా సగం. కోట్ల రూపాయల యంత్రాలు కొనేవాళ్లకు గౌనుకు డబ్బుల్లేవా?

ఎకో వద్దని నేననడం లేదు. గుండెలో శబ్దం వినిపించిన బిడ్డకు కావాలి. నెలలు నిండుతున్నకొద్దీ ఆయాసపడే గర్భిణికి కావాలి. అది రక్తహీనత అని సరిపెట్టుకుంటే, చిన్నప్పటి కీళ్ల జ్వరంతో ఇరుకైన మైట్రల్ కవాటం కాన్పు వేళ ప్రాణం మీదికి తెస్తుంది. గుండెను దెబ్బతీయగల డాక్సోరుబిసిన్, ట్రాస్టుజుమాబ్ లాంటి క్యాన్సర్ మందులు వాడేవాళ్లకు కావాలి. గుండెపోటు వచ్చిపోయినవాళ్లకు కావాలి. ఉచిత శిబిరం పెట్టాలన్న ఉబలాటం ఉంటే ఆ యంత్రాన్ని పాడేరు వైపో ఏటూరునాగారం వైపో తీసుకెళ్లండి. క్లబ్బు హౌసులో జిమ్ పక్కన కాదు.

చివరగా ఒకటి, ఇది కోపంతో కాదు, భయంతో రాస్తున్నాను. ఛాతీ బరువెక్కి, చెమటలు పట్టి, నొప్పి దవడకో ఎడమ చేతికో పాకుతుంటే ఆదివారం ప్యాకేజీ బుక్ చేశామని ఆగేవాళ్లున్నారు. ఆ స్థితిలో ట్రెడ్‌మిల్ ఎక్కించకూడదు. అప్పుడు కావాల్సింది వెంటనే ఈసీజీ, రక్తంలో ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే పెరిగే పదార్థం) పరీక్ష. 108కి ఫోన్ చేయండి. క్యాజువాలిటీలో మాత్రం కిందటి నెల నెగటివ్ వచ్చిన టీఎంటీ కాగితం తీసి "గ్యాసే అయి ఉంటుంది డాక్టరుగారూ" అని తీర్పు మీరే చెప్పేయకండి.