సవరణ: మత్తు వైద్యంలో మహిళల పదోన్నతి

హైదరాబాదులో మత్తు వైద్య (శస్త్రచికిత్స వేళ రోగికి మత్తు ఇచ్చే) విభాగంలోకి స్త్రీలు స్వాతంత్ర్యం తరువాతే వచ్చారని గత వ్యాసంలో రాశాను, అది తప్పు. బ్రిటిష్ వైద్యుడు ఎడ్వర్డ్ లారీ నడిపిన హైదరాబాదు వైద్య పాఠశాలలో చదివి 1889లో ఉత్తీర్ణురాలైన రూపాబాయి ఫర్దూన్‌జీ ఇక్కడి ఆసుపత్రులలోనే రోగులకు మత్తు కోసం క్లోరోఫాం ఇచ్చారు. మన నగరపు వైద్యురాలినే మరచినందుకు నిజంగా బాధపడుతున్నాను.

ప్రసూతి సెలవు 12 వారాలేనని రాసినదీ సరికాదు. 2017 నాటి సవరణ చట్టం ప్రకారం మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు, ఆపైన 12 వారాలు వర్తిస్తాయి.

అయితే, సెలవు ముగించుకుని వచ్చిన వైద్యురాలికి పెద్ద శస్త్రచికిత్సలు కేటాయించకపోవడం, ఆ అనుభవం లేదన్న కారణంతోనే తరువాత విభాగాధిపతి పదవికి ఆమె పేరు పరిశీలించకపోవడం గురించి రాసిన భాగంలో మార్పేమీ లేదు. సెలవు ఎన్ని వారాలైనా ఈ నష్టం మాత్రం ఏ ఉత్తర్వులోనూ కనబడదు.