స్టువర్ట్ హైవే హెచ్చరిక బోర్డుల వారికి

మహారాజశ్రీ బోర్డుల వారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. ఇక్కడ అడిలైడ్‌లో మేమంతా క్షేమం. దారినపోయేవాళ్లు కాల్చగా మీ ఒంటి మీద పడ్డ తూటా చిల్లులు ఇంకా పెరగలేదని తలుస్తాను.

పోర్ట్ అగస్టా దాటి, ఆస్ట్రేలియా నడిమధ్య ఎడారి మీదుగా ఉత్తరానికి పోయే మీ రోడ్డెక్కామో లేదో అందుకున్నారు. కంగారూలు అడ్డం వస్తాయన్నారు, ఈములు వస్తాయన్నారు. ముందు పోయే రోడ్ ట్రైన్, అంటే ట్రెయిలర్లు వరసగా తగిలించుకున్న లారీ, 53.5 మీటర్ల పొడవుంటుంది, తొందరపడి దాటొద్దన్నారు. ఒకచోటైతే రోడ్డునే రన్‌వే చేసి, ఫ్లయింగ్ డాక్టర్ గారి విమానం దిగొచ్చు సుమా అన్నారు. కూతుర్ని తొలిసారి హాస్టల్లో దింపే తల్లి కూడా ఇన్ని జాగ్రత్తలు చెప్పదు.

గ్లెండాంబో అనే చిన్న ఊరి దగ్గర మీరు చెప్పిన మాటకు మాత్రం కారులో అందరికీ నోట మాట రాలేదు. ఇక పెట్రోలు కూబర్ పీడీలోనేనట, 250 కిలోమీటర్ల పైమాటే. మా బావ బెంగ వేరు: "అయితే మధ్యలో టీ కూడా దొరకదంటావా?"

ఇక వూమెరా. 1947లో బ్రిటన్, ఆస్ట్రేలియా కలిసి రాకెట్ల పరీక్షలకని గిరి గీసుకున్న నేల. నిషిద్ధ ప్రాంతం, రోడ్డు దిగకూడదన్నారు. సరే, దిగలేదు. ఒంటేలుకి నాలుగడుగులు వేయాలన్నా దేశద్రోహమేమోనని గుంజాటన. అదే గిరి లోపల ప్రామినెంట్ హిల్‌లో రాగి, బంగారం తవ్వే కంపెనీకి మాత్రం దారి దొరికింది. వాళ్లకేం బోర్డు పెట్టారో చూడాలనుంది.

కూబర్ పీడీ బోర్డు మాత్రం మీ అందరిలోకీ మేటి. మనిషి బొమ్మ తలకిందులుగా గుంతలో పడుతుంటుంది. పరిగెత్తకు, వెనక్కి నడవకు అని రాసి ఉంటుంది. ఈ రెండో ముక్క సెల్ఫీలు రాకముందే ఎవరు ఊహించి రాశారో గానీ, మా బావ ఫోన్ పైకెత్తి సరిగ్గా వెనక్కే నడుస్తున్నాడు. వెళ్లి చూస్తే మనిషి పట్టేంత గుండ్రటి చిల్లు, కంచె లేదు, మూత లేదు, పక్కన తెల్లమట్టి కుప్ప. అలాంటివి కనుచూపు మేరా. 1915లో బంగారం వెతకడానికొచ్చిన వాళ్లలో ఓ పద్నాలుగేళ్ల కుర్రాడికి ఒపల్ అనే రత్నం కంటబడింది. అంతే, ఆనాటి నుంచీ తవ్వుడే తవ్వుడు. ఎండకు ఓర్వలేక ఇళ్లు, చర్చిలు కూడా కొండలు తొలిచి లోపలే కట్టుకున్నారు. డ్రైవిన్ థియేటర్లో ఒకప్పుడు "పేలుడు పదార్థాలు లోపలికి తేరాదు" అని స్లైడు వేసేవారట. మీ వంశంలో నాకు బాగా నచ్చినవాడు అతనే.

పొగడ్తలు అయ్యాయి కాబట్టి అసలు విషయానికొస్తాను. పడమరగా మారలింగలో మీ పెద్దవాళ్లు కొందరు ఉద్యోగం చేశారు. 1956 నుంచి బ్రిటన్ అక్కడ అణుబాంబులు పేల్చింది. ఆ నేల మీద తరతరాలుగా తిరిగే వాళ్లను దూరంగా ఉండమని మీవాళ్లు హెచ్చరించారు. ఇంగ్లీషులో! వాళ్లలో చాలామందికి చదవడం రాని ఇంగ్లీషులో. 1957లో ఒక కుటుంబం మార్కూ అనే బాంబు తవ్విన గుంత దగ్గరే మంట వేసుకుని పడుకుంది. అక్కడి మూలవాసుల భద్రత చూసినవాళ్లది అజ్ఞానం, అసమర్థత, లెక్కలేనితనం అని 1985లో ప్రభుత్వం వేసిన విచారణ సంఘం, రాయల్ కమిషనే తేల్చింది.

నా టైరుకి, నా ట్యాంకుకి, మా బావ సెల్ఫీకి ఇంత బెంగపడుతున్న మీకు ఈ శ్రద్ధ ఎప్పట్నుంచి అబ్బింది? వచ్చేవాళ్లు కార్లలో, క్రెడిట్ కార్డులు పట్టుకుని రావడం మొదలయ్యాకా?

ఆ మారలింగ సంగతి చెప్పే బోర్డు ఆ దారిపొడవునా మా కంటికి ఒక్కటీ ఆనలేదు. పెట్టించే ఆలోచన ఉంటే పింబా పెట్రోలు బంకులో, టాయిలెట్ బాణం గుర్తు పక్కనే పెట్టించండి. అక్కడైతే అందరూ ఆగుతారు.

ఇట్లు,
మీరు చెప్పినట్టే రోడ్డు దిగనివాడు