చావు లేని లార్డ్ క్లైవ్ గారికి

మహారాజశ్రీ లార్డ్ క్లైవ్ బిరుదు గారికి, పోవిస్ ఎర్ల్ అనే ఇంకా పెద్ద పేరుతో కూడా చలామణి అవుతున్న తమకు, మొన్న ఆదివారం ఒక శాఖా గ్రంథాలయంలో పరువు పోగొట్టుకున్న వక్త నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి అని రాయడం ఆచారం. కానీ తమరి కుశలం అడగనక్కరలేదు. తమరిని మోసేవాళ్లు పోతారు, తమరు పోరు. కాబట్టి నా కుశలం సంగతే రాస్తాను.

దత్త మండలాల గురించి గంటసేపు మాట్లాడమని పిలిచారు. కడప, బళ్లారి, అనంతపురం సీమలు 1800లో నిజాం చేతినుంచి కుంఫిణీ (ఈస్టిండియా కంపెనీ) చేతికి ఎలా జారాయో చెప్పాలి. 'అప్పటి మద్రాసు గవర్నరు లార్డ్ క్లైవ్' అని నా కాగితంలో ఉంది. ఉన్నది ఉన్నట్టు చదివి ఊరుకుంటే సరిపోయేది. వక్తకు ఊరుకోవడం చేతనవుతుందా? "అవునండీ, ఆ క్లైవే! ప్లాసీ క్లైవ్! బెంగాలు మింగినా ఆకలి తీరక మన సీమమీద పడ్డాడు" అన్నాను. చప్పట్లు కూడా కొట్టారు. అవి ఆగాక మూడో వరసలోంచి ఇంటర్ చదివే ఒక అమ్మాయి లేచింది. "క్లైవ్ 1774లో చనిపోయాడని మా పుస్తకంలో ఉంది సార్. ఇరవై ఆరేళ్ల తరవాత గవర్నరుగా ఎలా ఉన్నాడు?"

"ప్లాసీ తరవాత పరలోకం కూడా గెలిచి వచ్చాడేమో" అన్నారు అధ్యక్షులవారు. హాలు హాలంతా నవ్వింది. నేను మంచినీళ్లు తాగాను. రెండు గ్లాసులు.

అందరూ భోజనాలకు వెళ్లారు. నేను అదే గ్రంథాలయంలో పాత సంపుటాల ముందు కూర్చున్నాను. మధ్యాహ్నం రెండింటికి మొదలుపెడితే దీపాలు పెట్టే వేళకు గానీ తమరి బంధువర్గం ఒక కొలిక్కి రాలేదు.

తేలిందేమిటంటే, 1762లో రాబర్ట్ క్లైవ్‌కు తమరు మొదట దక్కారు. పేరు 'ప్లాసీ క్లైవ్ బారన్' (బారన్ అంటే ప్రభు బిరుదుల్లో కింది మెట్టు), చిరునామా ఐర్లాండులోని క్లేర్ కౌంటీ. బెంగాలులో ఊరు గెలిచి ఐర్లాండులో దానికి బోర్డు తగిలించుకున్నారు, బాగుంది. ఐర్లాండు సరుకు కనుక లండన్‌లో లార్డ్స్ సభలో, అంటే పార్లమెంటు ఎగువ సభలో, కుర్చీ రాలేదని ఆయన గొణుక్కున్నారు, అదీ బాగుంది. 1774లో ఆయన పోగానే తమరు కొడుకు ఎడ్వర్డ్ నెత్తిమీదికి ఎక్కారు. ఈ ఎడ్వర్డే 1798 నుంచి 1803 దాకా మద్రాసు గవర్నరు. ప్లాసీ యుద్ధం నాటికి మూడేళ్ల పిల్లవాడు. అతన్నే నేను ప్లాసీ వీరుడని ఊరంతటి ముందు పొగిడాను.

అయ్యా, మా ఇళ్లలోనూ తాత పేరు మనవడికి పెడతారు. నాదీ మా తాత పేరే. అయినా ఆయన పెద్దాయన, నేను చిన్నవాణ్ణి. ఎవరి గురించి మాట్లాడుతున్నారో మా వీధిలో కుక్కకు కూడా తెలుసు. అంత పెద్ద సామ్రాజ్యం, అన్ని దఫ్తరాలు, అంతమంది గుమాస్తాలు. ఒక 'పెద్ద', ఒక 'చిన్న' తగిలించడానికి సిరా చాలలేదా?

పోనీ, ఇద్దరితో ఆగారా? ఆగలేదు. 1804లో ఎడ్వర్డ్‌గారు పోవిస్ ఎర్ల్ అయ్యారు, బారన్ కంటే పై మెట్టు. హమ్మయ్య, క్లైవ్ పీడ వదిలిందనుకుని పేజీ తిప్పాను. ఎర్ల్‌గారి పెద్దకొడుకుని తండ్రి బతికుండగా వైకౌంట్ క్లైవ్ అనాలట, పిలవడం మాత్రం లార్డ్ క్లైవ్ అనే, అది మర్యాదట! అంటే 1820లలో లార్డ్ క్లైవ్ అని కనిపిస్తే అది మనవడు. 1839లో తండ్రి పోయాక ఆ మనవడు పోవిస్ ఎర్ల్ అవుతాడు. 1916లో, మొదటి ప్రపంచ యుద్ధంలో, సోమ్ దగ్గర గాయపడి చనిపోయిన వైకౌంట్ క్లైవ్ ఇంకొకరు. పేరు అక్కడే ఉంటుంది, మనుషులు మాత్రం బస్సులో సీటు మారినట్టు మారుతుంటారు. పైగా ఆ మనవడు ఎర్ల్ కావడానికి చాలా ముందే ఇంటిపేరు కూడా మార్చుకున్నాడు. మేనమామ ఆస్తి కావాలంటే మేనమామ ఇంటిపేరు పెట్టుకోవాలన్నారట. 1807లో క్లైవ్‌వారబ్బాయి హెర్బర్ట్ అయిపోయాడు. మా వైపు దీన్ని దత్తత అంటారు, పిలిచి భోజనం పెడతారు. (ఈయన 1848లో పిట్టల వేటలో కన్నకొడుకు తుపాకీ గుండు తగిలి పోయారు. దానిమీద నేనేమీ వ్యాఖ్యానించను.)

ఇక ఆ పోవిస్ సంగతి. అది వేల్స్‌లో కోట. 1674లో హెర్బర్ట్‌లకు ఎర్ల్ బిరుదు, 1687లో ఇంకో మెట్టు పైన మార్క్విస్. మరుసటేడు ఇంగ్లండు రాజు రెండో జేమ్స్‌గారు పారిపోతే వెంట పారిపోయారు, బిరుదు ఊడింది. 1722లో తిరిగొచ్చింది. 1748లో మగపిల్లలు లేక ఆరిపోయింది. అదే ఏడు దూరపు హెర్బర్ట్ ఒకాయనకు కొత్తగా ఇచ్చారు. ఆయన పాత మార్క్విస్‌గారి అన్నదమ్ముల బిడ్డ బార్బరాను 1751లో పెళ్లాడి పీట గట్టిచేసుకున్నాడు. వాళ్ల కొడుకు పెళ్లి కాకుండా 1801లో పోయాడు. మళ్లీ ఆరిపోయింది. ఆయన చెల్లెలు హెన్రియెటా. ఆమె మొగుడే మన మద్రాసు గవర్నరు. అందుకని 1804లో పోవిస్ ఎర్ల్ బిరుదు బావగారికి వచ్చింది.

సరిగ్గా ఇక్కడే నాకు ఒళ్లు మండింది. అప్పటిదాకా నా అవమానం గురించే కదా ఏడుస్తున్నాను. కాగితంమీద వంశవృక్షం గీసుకుని చూస్తే తమరు అసలు నిలబడింది ఎవరి భుజాలమీదో కనిపించింది. ఒకసారి బార్బరా, ఇంకోసారి హెన్రియెటా. కోటా వాళ్లదే, నెత్తురూ వాళ్లదే. తమరు మాత్రం వాళ్ల మొగుళ్ల జేబులో కూర్చుని వెళ్లారు.

ఆ హెన్రియెటా ఎవరో నాకు ఆదివారం దాకా తెలియదు. 1800లోనే, నా ఉపన్యాసంలో చెప్పిన ఆ ఏడాదే, మార్చిలో ఇద్దరు కూతుళ్లను వెంటబెట్టుకుని మద్రాసులో బయలుదేరి, బెంగుళూరు, మైసూరు, శ్రీరంగపట్నం, తిరుచిరాపల్లి, తంజావూరు చుట్టి అక్టోబరుకు తిరిగొచ్చింది. ఏడు నెలలు, వెయ్యి మైళ్లకు పైన. గవర్నరుగారు ఊళ్లో కూర్చుంటే ఆమె దేశం చూసింది. చరిత్రలో ఆమె పేరు లేడీ క్లైవ్. ఆ పేరు కూడా మొగుడిదే, ఆ మొగుడికి అది తండ్రిది.

(టిప్పు సుల్తాను డేరా ఇప్పుడు పోవిస్ కోటలో ఉంది. దాని వారసత్వం గురించి వేరే ఉత్తరం రాస్తాను.)

ఇంతకంటే ఘోరం 1952లో చేశావు. అవును, 'తమరు' అనే ఓపిక అయిపోయింది. పోవిస్ నాలుగో ఎర్ల్‌కు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు 1916లో పోయినవాడే. రెండోవాడు మెర్విన్ 1943లో విమానం కూలి చనిపోయాడు. ఆయనకు నాలుగేళ్ల కూతురు డవీనా. మెర్విన్‌కు తల్లి తరఫున డార్సీ డి నేత్ అనే ఇంకో బిరుదు ఉంది, 1332 నాటిది. నీకు తాత వయసు. ఆ ముసలి బిరుదు మారుమాట లేకుండా నాలుగేళ్ల పిల్ల దగ్గరికి వెళ్లి కూర్చుంది. ఆడపిల్లా మగపిల్లవాడా అని అడగలేదు.

మరి నువ్వు? తొమ్మిదేళ్ల తరవాత ముసలి ఎర్ల్ పోయాడు. కన్నకూతురు హెర్మియోన్ ఉంది. పద్నాలుగేళ్ల మనవరాలు డవీనా ఉంది. ఇద్దరినీ దాటేసి, వేటలో పోయిన ఆ రెండో ఎర్ల్ దాకా వందేళ్లు వెనక్కి నడిచి, ఆయన ఇంకో కొడుకు సంతానంలో ఒక దాయాదిని వెతికి పట్టుకున్నావు! ఆయన తరవాత తమ్ముడు, తమ్ముడి తరవాత ఇంకో దాయాది. ఇద్దరు ఆడవాళ్ల చేయి పట్టుకుని ఏరు దాటినదానివి, మూడో ఆడపిల్ల గట్టుమీద నిలబడితే తలతిప్పుకున్నావు. సిగ్గు లేదూ? కోటకు నీపాటి మొహమాటం కూడా లేదు, అది పాత కట్టడాలను కాపాడే బ్రిటన్ జాతీయ ట్రస్టుకు వెళ్లిపోయింది. టిక్కెట్టు కొన్న ఎవరినైనా లోపలికి రానిస్తుంది.

డవీనా గురించి ఇంకొక్క మాట చెప్పనీ. కారు ప్రమాదంలో మొగుడు పోయి, తాను చక్రాల కుర్చీకి పరిమితమై కూడా, ఆ ముసలి బిరుదుతోనే లార్డ్స్ సభలో కూర్చుంది. 1999లో వంశపారంపర్య ప్రభువుల్లో చాలామందిని సభనుంచి పంపేస్తే, మిగిలిన 92 మందిలో ఆమె ఒకరు. పెద్ద క్లైవ్ ఐర్లాండు బిరుదు పట్టుకుని ఏ కుర్చీకోసం చొంగ కార్చాడో ఆ సభలోనే, నువ్వు వద్దన్న పిల్ల.

కోపం కొంచెం తగ్గింది. నిన్న సాయంత్రం కరెంటు బిల్లు వచ్చింది. ఎప్పటిలాగే మా తాత పేరుమీద. ఆయన పోయి ముప్పై ఏళ్లు దాటింది, నెలనెలా తప్పకుండా కడుతూనే ఉన్నాడు. పేరు నాదీ అదే కదా, మార్చడమెందుకని నేనే వదిలేశాను. మా అమ్మాయి బిల్లు చూసి "రేపు ఇది నా పేరుమీదికి మారుతుందా నాన్నా?" అని అడిగింది.

వచ్చే నెల మళ్లీ ఉపన్యాసం ఉంది. మూడో వరస అమ్మాయి వస్తానని గ్రంథపాలకుడితో కబురంపింది. ఈసారి బల్లమీద సుద్దముక్కతో ముందే రాసిపెడతాను: పెద్ద క్లైవ్, చిన్న క్లైవ్. వాటి పైన, అక్షరాలు కొంచెం పెద్దవి చేసి, హెన్రియెటా.

బిల్లు మార్పు దరఖాస్తు తెచ్చుకున్నాను. తండ్రి పేరు అనే గడి దగ్గర ఆగి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇట్లు,
పెద్దాయన పేరు మోస్తున్న చిన్నవాడు