జ్ఞాపకశక్తి నిపుణులు దోషుల్ని విడిపిస్తున్నారా?

అమెరికా కోర్టుల గురించి ఒక వాదన బాగా తిరుగుతోంది: "డబ్బిస్తే చాలు, సైకాలజిస్టు బోనెక్కి బాధితురాలికి సరిగ్గా గుర్తు లేదనేస్తాడు. అవన్నీ కాలేజీ పిల్లల మీద చేసిన ల్యాబ్ ప్రయోగాలు. కళ్లారా చూసినామె ఖచ్చితంగా చెబుతుంటే మధ్యలో వీడెవడు? దోషులు తప్పించుకునేది ఇలాగే."

ముందు ఆ "ఖచ్చితంగా" సంగతి. 1984 జులైలో నార్త్ కరోలినాలోని బర్లింగ్టన్‌లో అత్యాచారానికి గురైన ఒక విద్యార్థిని, ఎలాగైనా పట్టించాలని వాడి ముఖాన్ని పట్టిపట్టి చూసింది. పోలీసులు ఆరు ఫొటోలు ముందు పెడితే, కొన్ని నిమిషాలు తటపటాయించి రోనాల్డ్ కాటన్‌ను ఎంచింది. తర్వాత మనుషుల్ని వరసలో నిలబెట్టారు. ఫొటోల్లోనూ వరసలోనూ ఉన్నది కాటన్ ఒక్కడే. మళ్లీ అతణ్నే చూపించింది. "ఫొటోలో మీరు గుర్తుపట్టింది ఇతణ్నే" అని పోలీసులు చెప్పారు. దాంతో తటపటాయింపు పోయింది, కోర్టుకొచ్చేసరికి రవ్వంత అనుమానం లేదు. 1987 విచారణలో అసలు నేరస్థుడు బాబీ పూల్‌ను ఎదురుగా తెచ్చి నిలబెడితే, ఇతన్నెప్పుడూ చూడలేదంది! 1995లో డీఎన్ఏ పరీక్ష పూల్‌ను పట్టించింది. అప్పటికి కాటన్ జైలుకెళ్లి పదేళ్లు దాటింది. ఆ కేసులో జ్ఞాపకశక్తి నిపుణుణ్ని పిలుస్తామని డిఫెన్స్ అడిగితే జడ్జి ఒప్పుకోలేదు.

(ఈ ప్రమాదం మన కోర్టులకూ తెలుసు: గుర్తింపు పరేడ్‌కు ముందే సాక్షికి నిందితుడి ఫొటో చూపించారని తేలితే ఆ పరేడ్‌కు విలువ పోతుంది.)

"గుర్తు లేదనేస్తాడు" అన్నది అపోహ. ఫలానా సాక్షి చెప్పింది నిజమో కాదో తేల్చడం నిపుణుడి పని కాదు, అది జ్యూరీ పని. ఎలాంటి పరిస్థితుల్లో గుర్తింపు దారి తప్పుతుందో చెప్పడం వరకే అతని హద్దు. 2011లో హెండర్సన్ కేసులో న్యూజెర్సీ సుప్రీంకోర్టు ఈ విషయాలను జడ్జీలే జ్యూరీకి వివరించాలంది.

ల్యాబ్ ప్రయోగాలన్న ఆక్షేపణలో కొంత పస ఉంది. ల్యాబ్‌లో కూర్చుని సినిమాలో కారు ప్రమాదం చూడటం, ప్రాణభయంలో ఒకడి ముఖం చూడటం ఒకటి కావు. అయితే 2004లో వెలువడిన ఒక అధ్యయనం అమెరికా సైనికుల మీద చేసింది. శిక్షణలో భాగంగా వాళ్లను యుద్ధఖైదీల్లా బంధించి, అరగంటకు పైగా ఎదురుగా కూర్చుని ప్రశ్నించారు. తీవ్ర ఒత్తిడి పెట్టినవాణ్ని మర్నాడు మనుషుల వరసలో సరిగ్గా గుర్తుపట్టింది 30 శాతమే. తక్కువ ఒత్తిడితో ప్రశ్నించినవాణ్ని గుర్తుపట్టింది 62 శాతం.

నిపుణుల్ని నిలదీయాల్సిన చోటు వేరే ఉంది. సాక్షి నమ్మకానికీ నిజానికీ పెద్దగా సంబంధం లేదని వాళ్లలో చాలామంది ఏళ్ల తరబడి చెబుతూ వచ్చారు. పోలీసులు గుర్తింపును పద్ధతిగా నడిపితే, మొదటిసారి గుర్తుపట్టినప్పటి నమ్మకం గట్టి ఆధారమేనని సైకాలజిస్టులు విక్స్‌టెడ్, వెల్స్ 2017లో చూపించారు. ఇప్పటికీ ఎవరైనా ఆ పాత పాటే పాడితే క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఉతికి ఆరేయొచ్చు. డబ్బు ఎంత తీసుకున్నారని అడిగేదీ అక్కడే.

ఇక "దోషులు తప్పించుకోవడం". ఈ రంగంలో అందరికంటే పేరున్న ఎలిజబెత్ లాఫ్టస్ లైంగిక నేరాల కేసుల్లో 2020లో హాలీవుడ్ నిర్మాత హార్వే వైన్‌స్టీన్ తరఫున, 2021లో జెఫ్రీ ఎప్‌స్టీన్ సహచరి గిలేన్ మాక్స్‌వెల్ తరఫున సాక్ష్యమిచ్చారు. రెండుసార్లూ జ్యూరీ దోషులనే తేల్చింది. వైన్‌స్టీన్ న్యూయార్క్ తీర్పు 2024లో రద్దయింది కానీ, అందుకు ప్రధాన కారణం ఆరోపణల్లో లేని ఇతర మహిళల సాక్ష్యాన్ని విచారణలో అనుమతించడం. దానికీ జ్ఞాపకశక్తి నిపుణులకూ సంబంధమే లేదు.